ముందు పేజీ చదవని వాళ్ల కోసం

సెలైన్‌ని, అందులో కలిపిన మందుని గంటకి ఇన్ని మిల్లీలీటర్ల చొప్పున రోగి నరంలోకి పంపే యంత్రం ఇన్ఫ్యూజన్ పంపు. హైదరాబాద్‌లో ఓ వైద్య పరికరాల సంస్థలో అలాంటి పంపులకి మాన్యువల్ రాయడం నా పని. దాన్ని తెరిచేదెవరు? అర్ధరాత్రి వార్డులో అలారం మోగుతుంటే, ట్యూబులో గాలి ఉందని తెర మీద కనిపిస్తే, ఏం చేయాలో వెతుక్కునే నర్సమ్మ. ఆవిడ మొదటి అధ్యాయం చదివి ఉండదు. చదివి ఉండాలని కోరే హక్కు నాకు లేదు.

మనం చదువుకున్న పుస్తకాల్లో మూడో పాఠం రెండో పాఠం మీద నిలబడుతుంది. అలా అల్లుకుంటూ రాయడమంటే నాకు ఇష్టం. మా సంస్థ డిటాకి మారినప్పుడు ఆ అల్లికంతా విప్పాల్సి వచ్చింది. డిటా ఐబీఎంలో పుట్టి, 2005లో ఒయాసిస్ అనే సంస్థ ప్రమాణంగా మారిన ఎక్స్‌ఎంఎల్ పద్ధతి. పుస్తకం వద్దు, టాపిక్‌లు రాయమంటుంది. ఇదేమిటో చెప్పేది కాన్సెప్ట్, ఎలా చేయాలో చెప్పేది టాస్క్, కొలతలూ కోడ్‌లూ చూసుకునేది రిఫరెన్స్. 2015 నాటి 1.3 వెర్షన్‌లో ట్రబుల్‌షూటింగ్ కూడా చేరింది. అలారం పేజీలు రాసే నాకు అన్నిటికన్నా అదే ఎక్కువ అక్కరకొచ్చింది. ఏ టాపిక్ తర్వాత ఏది రావాలో మ్యాప్ అనే వేరే ఫైలు చూసుకుంటుంది. అంటే, నేను రాస్తున్న టాపిక్‌కి ఇరుగుపొరుగు ఎవరో నాకే తెలియదు.

కష్టమంతా అక్కడే. ‘బ్యాటరీ మార్చడం’ అనే టాస్క్ సర్వీసు మాన్యువల్‌లోకి వెళ్తుంది, ఆసుపత్రి బయోమెడికల్ సిబ్బంది శిక్షణ పుస్తకంలోకి వెళ్తుంది, రేపు రాబోయే మోడల్‌కీ వెళ్తుంది. కాబట్టి ‘ఇందాక తీసిన మూత’ అని రాయడానికి వీల్లేదు. మూత ఎక్కడుంటుందో, ఏ స్క్రూడ్రైవరు కావాలో అందులోనే ఉండాలి. పంపు రోగికి తగిలించి ఉండకూడదన్న మాట మొదటి స్టెప్పు కన్నా ముందే రావాలి.

అలాగని అన్నీ కుక్కకూడదు. కొత్తగా చేరిన పిల్లలు బ్యాటరీ మార్చే పేజీలో లిథియం బ్యాటరీ పనిచేసే తీరంతా వివరిస్తారు. వాళ్లకి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. ఆ టాపిక్ ఒక్కటీ ప్రింటు తీసి, దాన్నీ పంపునీ ప్రాజెక్టుతో సంబంధం లేని మనిషికిచ్చి పక్కన నిలబడమంటాను. ఆ మనిషి తలెత్తి అడిగిన చోట ఏదో తగ్గింది. చదవకుండా దాటేసిన చోట ఏదో ఎక్కువైంది.

ఒకసారి రాసింది పదిచోట్ల వాడుకుంటే అనువాదం ఖర్చు తగ్గుతుందని మేనేజర్లు అంటారు. నిజమే. నాకు మాత్రం హెచ్చరికలే ముఖ్యం. కాపీ చేసి అతికించిన హెచ్చరిక మారినప్పుడు, ఎక్కడో ఓ మూల పాతది మిగిలిపోతుంది. అలా అతికించకుండా, డిటాలో కాన్‌రెఫ్ అనే లింకుతో తెచ్చుకుంటే అసలు ఒక్కచోటే ఉంటుంది. దాన్ని దిద్దితే, మళ్లీ తయారుచేసిన ప్రతి పుస్తకంలోనూ మారుతుంది. అయితే సగం వాక్యాన్నో, ఒక్క మాటనో అలా తెచ్చుకోవడాన్ని నేను ఒప్పుకోను. ఇంగ్లీషులో ఇమిడిన ముక్క, విభక్తులున్న భాషల్లోకి వెళ్లేసరికి అతకదు. కనీసం ఒక పూర్తి స్టెప్పు, లేదా పూర్తి హెచ్చరిక ఉండాలి.

టాపిక్ అంతా అయ్యాక మొదటి వాక్యం మీద మళ్లీ కూర్చుంటాను. ‘ఈ విభాగంలో బ్యాటరీ గురించి తెలుసుకుందాం’ అని రాస్తే చదివేవాళ్లకి ఒరిగేదేమీ లేదు. ‘రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా బ్యాటరీ గుర్తు ఎర్రగానే ఉంటే బ్యాటరీ మార్చండి’ అంటే, తమకి కావాల్సిన పేజీ ఇదేనో కాదో అక్కడే తేలిపోతుంది.