పిల్లి పట్టు, కోతి పట్టు

ఎన్నిక అనగానే మనకు ఓటు గుర్తొస్తుంది. క్రైస్తవుల లెక్కలో అది తలకిందులు. ఎన్నుకునేవాడు దేవుడు, ఎన్నికయ్యేది మనిషి. తెలుగు బైబిలులో ఏర్పరచబడినవారు, తమిళ బైబిలులో తెరిందుకొళ్ళప్పట్టవర్. మదురైలో నాతో పనిచేసిన హెడ్ క్యాషియరుకు ఇంట్లో తెలుగు, చర్చిలో తమిళం. ఈ రెండు మాటలూ ఆయన చెప్పినవే.

మనలో వైష్ణవం పాటించే ఇళ్ళకు ఈ తగాదా కొత్త కాదు. పీళమేడులో మా అవ్వ చెప్పేది: పిల్లి తన కూనను నోట కరుచుకుని పోతుంది, కూన చేసేదేమీ లేదు, కోతిపిల్ల మాత్రం తల్లి పొట్టను తానే పట్టుకోవాలి. మొదటిది పిళ్ళై లోకాచార్యులను అనుసరించే తెంగలై వారి మాట, రెండోది వేదాంత దేశికులను అనుసరించే వడగలై వారిది.

అక్కడా అంతే. దేవుడు సృష్టికి ముందే ఎన్నుకున్నాడు, అలా ఎన్నికైనవాడు చివరికి జారిపోడు అని కాల్విన్ దారివారు 1618-19లో హాలండులోని డోర్ట్ సభలో తేల్చారు. కృప అందరికీ ఉంది, అందుకున్నవాడు వదులుకోనూవచ్చు అన్నాడు పద్దెనిమిదో శతాబ్దంలో వెస్లీ. రక్షించే విశ్వాసం అంటే దేవుడున్నాడని ఒప్పుకోవడం కాదు, ఆయన మీద భారం వేయడం అన్నదాంట్లో ఇద్దరికీ పేచీ లేదు. 1834లో మదురైకి వచ్చిన అమెరికన్ మిషన్‌ది కాల్విన్ వారసత్వం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ వారసులూ, వెస్లీ వారసులూ, ఆంగ్లికన్లతో కలిసి ఒకే చర్చి బల్లల మీద కూర్చున్నారు. తగాదా తీరిందని కాదు.

మా క్యాషియరు కొడుకు బెంగుళూరు వెళ్ళాక చర్చి మానేశాడు. చిన్నప్పుడు వాక్యాలు ఒప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్లవాడు. ఒక బోధకుడు, "ఏర్పరచబడినవాడైతే తిరిగొస్తాడు" అన్నాడట. రాకపోతే? "అయితే మొదటినుంచీ అది నిజమైన విశ్వాసం కాదు."

ఓదార్పు కోసం పుట్టిన సిద్ధాంతం తండ్రిని అక్కడే పొడిచింది. రక్షణ పోదు అనాలంటే, పోయినవాడికి అసలు లేనే లేదనాలి. పిల్లవాడి ప్రార్థనలన్నీ మొదటి ఎంట్రీ నుంచి కొట్టివేయాలి. ఫలానావాడు ఎన్నిక కాలేదని మనిషి తీర్పు చెప్పరాదని ఆ దారి పెద్దలే అంటారు. బోధకుడు అది మరిచాడు. వెస్లీ మాట భయపెడుతుంది, నిజమే. కానీ ఒకప్పుడు ఉన్నది ఉన్నట్టే ఒప్పుకుంటుంది. నాకదే న్యాయంగా తోచింది. కామర్స్ బుద్ధి అనుకోండి.

ఆయనకు తెలియనిది కాకపోయినా చెప్పాను: రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతాను ఇన్‌ఆపరేటివ్ అంటాం, మూసెయ్యం. పదేళ్ళు దాటితే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, 2014 నుంచి. అయినా ఖాతాదారు వచ్చి అడిగితే ఇవ్వాల్సిందే.

ఆయన నవ్వాడు. "అక్కడ కస్టమరు రావాలి సార్. మా దాంట్లో బ్యాంకే వెతుక్కుంటూ పోతుంది."

ఇప్పుడు రిటైరయ్యాడు. ఆదివారం ఆరాధన కాగానే కొడుక్కి ఫోన్ చేస్తాడు. చర్చి మాట ఎత్తడు. తిన్నావా అని అడుగుతాడు.