బండి ఆగితే వారధి దాటాలి!

మంగళగిరిలో ఏది ఆగిపోయినా మళ్లీ నడిపించే మనిషి వీధికొకరుంటారు. మగ్గం మీద పడుగు అయిపోతే పాత పోగుకు కొత్త పోగు కలిపేందుకు అచ్చులు అతికేవాళ్లు వస్తారు. మగ్గం చెక్క విరిగితే వడ్రంగి ఉన్నాడు. గొలుసు కొక్కెం ఊడితే చెప్పక్కర్లేదు, ఊళ్లో సగం వీధుల్లో బంగారం పనివాళ్లే. పెట్రోలు బండి మొరాయిస్తే మెకానిక్ ప్లగ్గు విప్పి, నోటితో ఊది, గరుకు కాగితంతో నాలుగు గీతలు గీకి, కిక్కు కొట్టి చేతికిచ్చేస్తాడు.

‘‘ఎంత బాబాయ్?’’

‘‘ఎంతో కొంత ఇచ్చి వెళ్లమ్మా.’’

అలాంటి ఊళ్లోకి కొన్నేళ్లుగా కొత్త బండి వచ్చింది. పొగ లేదు, చప్పుడు లేదు, కిక్కు రాడ్డు అసలే లేదు. నడిచినంతకాలం మహరాణి. ఆగిందా... ఏ కొట్టు ముందు నిలబెట్టాలో తెలీదు!

కరెంటు బండికి మంగళగిరి కంటే అనువైన ఊరు ఉండదనిపిస్తుంది. ఉత్తరాన పన్నెండు, పదమూడు కిలోమీటర్లలో విజయవాడ. దక్షిణాన ఇరవై చిల్లరలో గుంటూరు. మధ్యలో నున్నటి పదహారో నంబరు జాతీయ రహదారి. ఊరి శివార్లలో ఎయిమ్స్, చినకాకాని దగ్గర ఎన్నారై ఆసుపత్రి, కాస్త ముందుకెళ్తే నాగార్జున విశ్వవిద్యాలయం. నర్సులు, గుమాస్తాలు, బీసెంట్ రోడ్డు బట్టల కొట్లలో పనిచేసే అమ్మాయిలు... పొద్దున్నే కొలనుకొండ మీదుగా కనకదుర్గ వారధి వైపు సాగే బళ్లలో చప్పుడు చేయనివీ కొన్ని ఉంటాయి. పోనూ రానూ కలిపి పాతిక, ముప్ఫై కిలోమీటర్లు. రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే పొద్దున బంకు దగ్గర వరసలో నిలబడే పని లేదు.

బండి కొన్నాక మొదటి ప్రయాణం గుడికే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం నీడలో పసుపూ కుంకుమా దిద్ది, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. ఉత్సాహం ఉన్నవాళ్లు ఘాట్ రోడ్డెక్కి పానకాల స్వామి దగ్గరికీ పోతారు. ఇద్దరు కూర్చుని ఆ ఎత్తు ఎక్కితే బ్యాటరీ సత్తా ఏపాటిదో తెలిసిపోతుంది. చదును రోడ్డు మీద పొదుపుగా దిగే చార్జింగ్ అంకె అక్కడ గబగబా పడిపోతుంది. కొండమీది స్వామి సగం పానకం స్వీకరించి సగం భక్తుడికే వదిలేస్తాడని కదా నమ్మకం. మైలేజీ సంగతీ ఇంచుమించు అలాంటిదే. పరీక్ష కేంద్రంలో తేలిన లెక్క కంపెనీది, ఎదురుగాలీ వెనక సీటూ పోగా మిగిలింది మనది!

చిన్న జబ్బులు, పెద్ద జబ్బులు

ఆగిన ప్రతి బండికీ పెద్ద రోగం ఉండదు. చాలా బళ్లలో సైడ్ స్టాండ్ దగ్గరో మీట ఉంటుంది. దానికి బురద పట్టి, స్టాండ్ ఇంకా దించే ఉందని బండి పొరబడితే చక్రం తిరగదు. బ్రేకు లివర్ పూర్తిగా వెనక్కి రాకపోయినా అంతే. బ్రేకు పట్టి ఉన్నంతసేపూ మోటారుకు కరెంటు అందకుండా కట్టేసే ఏర్పాటది. కొన్ని రకాల్లో సీటు కింద, ఇంట్లో మీటరు పక్కన ఉన్నట్టే, ఎంసీబీ ఉంటుంది. గతుకులో అది పడిపోతే బండి చచ్చినట్టు పడుంటుంది. పైకి నొక్కితే చాలు. ఈ మూడూ చూసుకోకుండా బండిని ట్రాలీ ఆటో ఎక్కించి కిరాయి వదిలించుకునేవాళ్లూ ఉంటారు.

పెద్ద జబ్బుల సంగతి వేరు. బ్యాటరీ అంటే ఒకటే ముద్ద కాదు, చిన్న చిన్న సెల్స్ వరసలు. వాటిపైన బీఎంఎస్ అనే కాపలాదారు ఉంటాడు. ఏ వరస వేడెక్కినా, ఏ వరస నీరసించినా మొత్తం సరఫరా ఆపేయడం అతని ఉద్యోగం. నేతగాడికి ఈ ముక్క తేలిగ్గా అర్థమవుతుంది. వెయ్యి పోగులు బాగున్నా ఒక్కటి తెగితే మగ్గం ఆపాల్సిందే. తేడా ఏమిటంటే, తెగిన పోగు కంటికి కనిపిస్తుంది. నీరసించిన సెల్ కనిపించదు. దాన్ని పట్టుకోవాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న లాప్‌టాప్ కావాలి, అది తెరవడానికి పాస్‌వర్డ్ కావాలి. కంట్రోలరైనా, చక్రంలో ఉండే మోటారు సెన్సరైనా అదే తంతు. బయట విప్పిస్తే వారంటీ పోతుందని కాగితం మీద ముందే రాసుంటుంది.

అందుకే ఊళ్లోని మెకానిక్ ఈ బండికి టైరు మారుస్తాడు, బ్రేకు షూలు వేస్తాడు. సీటు కింది పెట్టె దాకా వచ్చేసరికి స్పానర్ పక్కన పెడతాడు. ‘‘దీన్ని మాత్రం వారధి దాటించాల్సిందే అక్కా!’’

వారధి దాటిస్తే పనైపోతుందా? అసలు కథ అక్కడే మొదలు. జాబ్ కార్డు రాసుకుంటారు. ‘పార్టు రావాలి’ అంటారు. వారం దాటాక ఫోన్ చేస్తే ‘మెసేజ్ వస్తుంది మేడమ్’ అంటారు. ఇక్కడ నష్టం మరమ్మతు ఖర్చొక్కటే కాదు. కొట్లో పనిచేసే అమ్మాయి రోజూ రెండుసార్లు ఆటో మారాలి. రాత్రి కొట్టు కట్టేసేసరికి మంగళగిరి బస్సు దొరుకుతుందో లేదో చూసుకోవాలి. బండి నడవకపోయినా నెల కాగానే వాయిదా మాత్రం ఆగదు. పెట్రోలు మిగులుతుందని కొన్న బండి, కదలకుండానే జీతం తింటుంది.

ఇది ఒక్క ఊరి గోడు కాదు. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా ఏడాదిలో ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 10,644 ఫిర్యాదులు వెళ్లాయి. మూడు వేలకు పైగా కేవలం సర్వీసు ఆలస్యం గురించే. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో ఆ కంపెనీకి సంజాయిషీ నోటీసు ఇచ్చింది. 99 శాతానికి పైగా పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది.

లారీలకు బాడీలు కట్టి దేశం మీదికి పంపిన ఆటోనగర్ పక్కనుండగా ఈ అవస్థ ఏమిటని పాతకాలం వాళ్లు ఆశ్చర్యపోతారు. నిజానికి 2000ల చివర్లో వచ్చిన తొలితరం కరెంటు స్కూటర్లతో ఇంత ఇబ్బంది లేదు. వాటిలో ఉన్నవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. బరువెక్కువ, ఆయుష్షు తక్కువ. కానీ ఇన్వర్టర్లు అమ్మే కొట్టుకెళ్తే కొత్తవి దొరికేవి. 2012 మార్చిలో కేంద్రం సబ్సిడీ ఆగిపోగానే అమ్మకాలు పడిపోయాయి. చాలా షోరూములు బోర్డులు తిప్పేశాయి. ఇప్పటి లిథియం బ్యాటరీ దానికంటే ఎన్నో రెట్లు మేలు, కానీ తాళం చెవి కంపెనీ జేబులో ఉంది. ఆ జేబే చిరిగితే? ఈ రంగంలో పాత పేరైన హీరో ఎలక్ట్రిక్ 2024 డిసెంబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దాని బళ్లు ఇళ్ల ముందే ఉన్నాయి.

నిప్పూ నీరూ

బాగుచేయించుకోలేక ఏదో ఒకలా నడిపేద్దామనుకోవడం ఇంకా ప్రమాదం. 2022 ఏప్రిల్లో విజయవాడ సూర్యారావుపేటలో కొత్తగా కొన్న బండి బ్యాటరీని పడకగదిలో చార్జింగ్ పెట్టి పడుకుంటే తెల్లవారుజామున పేలింది. ఇంటి యజమాని చనిపోయాడు. భార్య, పిల్లలు గాయపడ్డారు. అదే నెలలో నిజామాబాద్‌లో ఇలాంటి ఘటనలోనే ఓ వృద్ధుడు మరణించాడు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద కరెంటు బళ్ల షోరూం, పైన లాడ్జీ ఉన్న భవనంలో మంటలు చెలరేగి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ ఏడాదే బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించారు. 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి ఆఖరులో రెండో విడత అమల్లోకి వచ్చాయి. పాత బండి చవగ్గా వస్తోందని కొనేవాళ్లు తయారీ తేదీ చూసేది ఇందుకే.

బెజవాడ ఎండ సంగతి చెప్పేదేముంది. ఆ ఎండలో వచ్చి రాగానే చార్జర్ తగిలించకూడదు. బ్యాటరీ చల్లబడేదాకా ఆగాలి. పడకగదిలోనూ, మెట్ల దారిలోనూ వద్దు. ఒకవేళ అంటుకుంటే బయటికి పోయే దారే మూసుకుపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులు కాకుండా ఎర్త్ ఉన్న సాకెట్టే వాడాలి.

నీటిదీ ఓ పాఠం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ‘ఐపీ 67 బ్యాటరీ, నీళ్లలో మునిగినా ఏమీ కాదు’ అని షోరూంలో చెప్పే మాటకు అర్థం... మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి పరీక్షించారని. వీధిలో నాలుగు రోజులు నిలిచిన మురుగుకు ఆ హామీ వర్తించదు. మునిగిన బండి ఆరిపోయింది కదాని చార్జింగ్ పెట్టడం ప్రాణాంతకం.

గుంటూరులోనే అడగొచ్చు

కంపెనీ ఆఫీసు బెంగళూరులోనో ఢిల్లీలోనో ఉంటే మనమేం చేస్తాంలే అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. అక్కర్లేదు. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం, కొన్న మనిషి ఎక్కడ నివసిస్తే అక్కడే కేసు వేయొచ్చు. మంగళగిరి వాసికి గుంటూరు జిల్లా కమిషన్ చాలు. బండి ఖరీదు అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా ఉండదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వెళ్లాలి. దానికి ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే చాలాసార్లు అక్కడే కదలిక వస్తుంది. మరమ్మతు సమాచారం జనానికి అందేలా కేంద్రం 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ కూడా తెరిచింది. వాహనాలు అందులో ఉన్నాయి. అయితే వీధి మెకానిక్ చేతికి ఆ పాస్‌వర్డ్ రావడానికి అది సరిపోదు.

షోరూములో రంగులు చూసేముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. సర్వీసు సెంటర్ ఏ ఊళ్లో? బ్యాటరీ విడిభాగాలు అక్కడే ఉంటాయా, తెప్పిస్తారా? దారిలో ఆగితే తీసుకెళ్లే బండి మంగళగిరి దాకా వస్తుందా? కుదిరితే షోరూముకు కాదు, సర్వీసు సెంటరుకే ఓ శనివారం వెళ్లి బయట నిలబడ్డ బళ్లు ఎన్నో లెక్కపెట్టుకుని, అక్కడ ఎదురుచూసేవాళ్లను పలకరించాలి. ఏ ప్రకటనా చెప్పని సంగతులు పది నిమిషాల్లో తెలుస్తాయి.

కొన్నాక కాగితాలు ముఖ్యం. ఫోన్లో మాట్లాడింది మాటగానే పోతుంది. ఫిర్యాదు ఈమెయిల్లోనో మెసేజీలోనో పెట్టాలి. బండి వదిలిన ప్రతిసారీ తేదీ వేసిన జాబ్ కార్డు తీసుకోవాలి. బిల్లు మీద చాసిస్ నంబరుతో పాటు బ్యాటరీ నంబరు కూడా రాయించుకోవాలి. బ్యాటరీ మార్చి ఇస్తే కొత్త నంబరు మళ్లీ రాయించాలి. ఏదో ఒకరోజు వెళ్లేసరికి ఆ షోరూం షట్టరుకు ‘టు లెట్’ బోర్డు వేలాడుతుంటే, సీటు కింది పెట్టె వాళ్లిచ్చిందేనని చెప్పడానికి మిగిలే సాక్ష్యం అదే.