తినేవాళ్లు లేని ఒడ్డు

కడప జిల్లాకీ సముద్రానికీ చుట్టరికం ఏమిటని అడిగితే ఎవరైనా నవ్వుతారు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా పోయే పెన్న నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది... అంతేగా అంటారు. కానీ పులివెందుల, వేంపల్లె గుట్టల్లోని సున్నపురాతిని చూస్తే కథ మారిపోతుంది. ఉల్లిగడ్డను కోసినట్టు పొరలు. ఒకదానిమీద ఒకటి బోర్లించిన గిన్నెల్లా మడతలు. వీటిని స్ట్రొమటోలైట్లు అంటారు. వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు! అప్పట్లో అక్కడ ఉన్నది లోతు తక్కువ సముద్రం. ప్రొద్దుటూరు ఇళ్లల్లో పరిచే నాపరాళ్లు కూడా ఆ తర్వాత వచ్చిన మరో సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే.

ఇంతకీ వేంపల్లె పొరలు పేర్చిందెవరు? కంటికి ఆనని సయనోబ్యాక్టీరియా. ఎండతోనే తిండి వండుకునే జీవులు. నీటి అడుగున జిగురు చాపలా పరుచుకునేవి. అల తెచ్చిన సున్నపు పొడి ఆ జిగురుకు అంటుకునేది. వెలుతురు తగ్గగానే పైకి పాకి మళ్లీ చాప పరిచేవి. అలా పొరమీద పొర. వాటి జాతి వదిలిన ఆక్సిజనే తర్వాత మనందరికీ ఊపిరైంది.

మరి ఇప్పుడు విశాఖ తీరంలో అలాంటి రాళ్లు పెరగవేం? తినేవాళ్లు వచ్చేశారు కాబట్టి! బండలమీది నాచును నత్తలు గీరి తింటాయి. ఆల్చిప్పలు లీటర్లకొద్దీ నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవుల్ని మింగుతాయి. ఆల్చిప్పల్ని పీతలు తింటాయి. వేంపల్లె ఒడ్డున ఈ నోళ్లేవీ లేవు. జంతువులు వచ్చాకే జిగురు చాపలకు గడ్డుకాలం మొదలైందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో స్ట్రొమటోలైట్లు ఇప్పటికీ పెరుగుతున్నాయి. అక్కడి నీటిలో మామూలు సముద్రానికి రెట్టింపు ఉప్పు. నత్తలు దరిచేరడం కష్టం.

అలాగని తినేవాళ్లు చెడ్డవాళ్లా? కాదు. 1960ల్లో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో ఓ బండమీది నక్షత్రచేపల్ని ఏరి పారేస్తూ వచ్చాడు. వాటి బెడద తప్పిన ఆల్చిప్పలు చోటంతా ఆక్రమించుకున్నాయి. 15 రకాల జీవుల్లో 8 మాత్రమే మిగిలాయని 1966లో ఆయన ప్రకటించాడు. ఒకరు తింటేనే ఇంకొకరికి చోటు దొరుకుతుందన్నమాట.

వేంపల్లె ఒడ్డుకు ఆఖరున వచ్చిన నోరు మాత్రం మనిషిది. ఆ పొరల్లోనే రాతినార, ముగ్గురాయి దొరికాయి. తుమ్మలపల్లె యురేనియం కూడా వాటిలోదే. గనులు బతుకుతెరువు కూడా... వద్దనడం తేలిక కాదు. కానీ నక్షత్రచేప తిన్న ఆల్చిప్పల చోట కొత్తవి పుడతాయి. పగలగొట్టిన ఈ రాయి మళ్లీ పుట్టదు. రాజస్థాన్‌లో భోజుంద, ఝామర్‌కోట్ర దగ్గరి స్ట్రొమటోలైట్లను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వంగా గుర్తించింది. పులివెందుల పిల్లలకు కూడా కనీసం ఒక్క గుట్టయినా అలా మిగలాలి. సముద్రాన్ని చూడటానికి వాళ్లు నెల్లూరు దాకా వెళ్లనక్కర్లేదు మరి!