పక్కింటావిడ మఫ్లరు

మా అమ్మాయి ఇంగ్లండులో వూస్టరు అనే ఊళ్ళో కాపురం ఉంటోంది. ఇంగ్లీషులో ఆ పేరు రాయాలంటే తొమ్మిది అక్షరాలు. పలికేటప్పుడు సగం కూడా వినపడవు. మిగతావన్నీ ఏమయ్యాయని అడిగితే, "పొదుపండీ అత్తయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. అంత పొదుపైన ఊళ్ళో ఒక పెద్ద క్లబ్బు దివాలా తీసిందన్న సంగతి తర్వాత పక్కింటావిడ వల్ల తెలిసింది.

2025లో వానలు వెనకపట్టాక అక్కడికి వెళ్ళాను. పక్కింటావిడకి డెబ్భై దాటాయి. ఒంటరిది. తోటపని, పిల్లి, టీకెటిల్, ఇదీ ఆవిడ సంసారం. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వీధి గదిలో గోడకి నీలం, బంగారు రంగు చారల మఫ్లరు ఒకటి, దాని కింద అద్దం కట్టించిన టిక్కెట్టు ముక్క ఒకటి కనిపించాయి. మనింట్లో అయితే ఆ చోట పోయినవాళ్ళ ఫోటో ఉంటుంది. నాలిక కరుచుకుంటూనే, "ఎవరిదండీ?" అని అడిగాను.

"మా రగ్బీ జట్టుది. 2022 సెప్టెంబరు 24న న్యూకాజిల్ మీద 39-5తో గెలిచాం. మరి రెండు రోజులకే క్లబ్బుని దివాలా అధికారులకి అప్పగించారు" అందావిడ.

గెలిచి చావడమేమిటో నాకు అర్థం కాలేదు. అసలు రగ్బీ అంటేనే తెలియదు. టీవీలో చూస్తే మన చెడుగుడుకి ఎవరో కోలగా ఉన్న బంతినిచ్చి బురదలోకి తోలినట్టుంది. ఆవిడ టీ కలుపుతూ ఓపిగ్గా చెప్పింది. ఆ క్లబ్బు 1871లో పుట్టిందట. 1995 దాకా ఈ ఆట ఆడేవాళ్ళకి జీతాలు లేవు. పగలు బడిపంతులో, పోలీసో, రైతో; శనివారం ఆటగాడు. ఆ ఏడాది ఆగస్టులో జీతాలకి అనుమతిచ్చారు. అక్కణ్ణించి మొదలయింది తంటా.

ముప్ఫై అయిదేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని కదా, కాగితం తీసుకుని కూర్చున్నాను. అప్పుడు పై లీగ్‌లో 13 జట్లు. ఒక్కో జట్టు మిగిలిన 12 జట్లతో రెండేసిసార్లు ఆడితే 24 ఆటలు. అందులో సొంత మైదానంలో 12. కప్పుల ఆటలు మరికొన్ని కలుపుకోండి. అంటే పన్నెండు వేలమంది దాకా పట్టే మైదానం కట్టి, నలభై మందికి పైగా ఆటగాళ్ళకి ఏడాది పొడుగునా జీతాలిచ్చి, గేటు తెరిచేది ఆ కాసిని రోజులే! ఏడాదికి ఇరవై రోజులు కూడా తెరవని హోటలు ఎక్కడైనా నిలుస్తుందా?

"మరి ఇన్నాళ్ళూ ఎలా నడిచింది?" అన్నాను.

"ఒక పెద్దమనిషి ఉండేవారు" అందావిడ.

ఆ పెద్దమనిషి సెసిల్ డక్‌వర్త్‌గారు. బాయిలర్లు తయారుచేసే కంపెనీ పెట్టి పైకొచ్చినాయన. మా అమ్మాయి వాళ్ళింట్లో వేడినీళ్ళ బాయిలరు మీద కూడా ఆ ఊరి పేరే ఉంది. ఎక్కడో కింది మెట్టున ఉన్న క్లబ్బుకి సొంత డబ్బు పోసి 2004లో పై లీగ్‌లోకి తెచ్చారు. తర్వాత క్లబ్బు వేరే చేతుల్లోకి వెళ్ళింది. 2020లో ఆయనా పోయారు. కరోనాలో గేట్లు మూసేసరికి ప్రభుత్వం అప్పులిచ్చింది. ఆ అప్పులు, పన్ను బాకీలు కలిసి 2022లో మీద పడ్డాయి.

ఆ మాట వింటుంటే నా చేతిలో టీ చల్లారిపోయింది. ఎందుకంటే ఈ కథ నేనెరుగుదును. మా ఊళ్ళో నాటక సమాజం ఉండేది. టిక్కెట్ల డబ్బు పెట్రోమాక్సు లైట్లకీ, హార్మోనిస్టు కాఫీలకీ సరిపోయేది. మిగతాదంతా రైసుమిల్లు ఆసామి భరించేవాడు. మావారు ఆ సమాజానికి కోశాధికారి. నెలనెలా జీతంలోంచి పది రూపాయలు చందా తీసి పక్కన పెట్టేవారు. "ఆ డబ్బుతో పిల్లకి గౌను వచ్చేది. అంత డబ్బున్న ఆసామి ఉండగా మీ పది రూపాయలేమిటి?" అని నేను సాధించేదాన్ని. ఆసామి పోయాక కొడుకులు చెయ్యి దులుపుకున్నారు. 1983లో సమాజం మూతపడింది. మావారు రసీదు పుస్తకం ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత ఇంట్లో పద్యం పాడగా నేను వినలేదు.

వూస్టరు ఒక్కటే అయితే విధి అనుకోవచ్చు. అదే అక్టోబరు 17న వాస్ప్స్ అనే క్లబ్బూ కూలింది. 1867లో పుట్టి, 2004లో, 2007లో యూరప్ కప్పు కొట్టిన జట్టు. ఒక్కరోజులో 167 మందికి ఉద్యోగాలు పోయాయి. లండన్ వైపు మైదానం గిట్టుబాటు కాక 2014లో కోవెంట్రీకి తరలిపోయి, అక్కడి పెద్ద మైదానం కొని, మరుసటి ఏడు జనం దగ్గర 3 కోట్ల 50 లక్షల పౌన్ల బాండ్లు తీశారు. 2022లో అవి తీర్చే గడువు వచ్చింది, డబ్బు రాలేదు. 2023 జూన్‌లో లండన్ ఐరిష్ వంతు. పదమూడు పదయింది. లెక్క మళ్ళీ చూడండి: పది జట్లయితే సొంతగడ్డ మీద ఆటలు తొమ్మిదే. అంటే పంచుకునేవాళ్ళు తగ్గారు సరే, గేటు తెరిచే రోజులూ తగ్గాయి. పైగా 2018లోనే లీగ్ సంపాదనలో 27 శాతం వాటా ఒక పెట్టుబడి కంపెనీకి అమ్ముకున్నారు. పంట ఇంటికి రాకముందే అమ్ముకున్న రైతు సంగతి మనకి కొత్త కాదు.

"గ్లోస్టరు దగ్గరే కదా, వాళ్ళ జట్టుకి వెళ్ళకపోయారా?" అని అమాయకంగా అడిగాను.

ఆవిడ నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. "నలభై ఏళ్ళు వాళ్ళు ఓడాలని కోరుకున్నదాన్ని. ఇప్పుడెలా చప్పట్లు కొట్టను?" అంది.

చెప్పొద్దూ, నవ్వొచ్చింది. కాని ఆలోచిస్తే అందులోనే అసలు విషయముంది. బజార్లో ఒక కొట్టు మూస్తే ఎదురు కొట్టుకి పోతాం. అభిమానం అలా కాదు. వాస్ప్స్ వాళ్ళు లారీల మీద సామాను తెచ్చుకున్నారు గాని, పాత ఊరి జనాన్ని ఎక్కించి తెచ్చుకోలేకపోయారు. మన హైదరాబాదు పేరుతోనూ 2025 జూన్‌లో ఒక రగ్బీ జట్టు ఆడిందని అల్లుడుగారు చెప్పారు. ఆరు జట్లు, ఆటలన్నీ ముంబైలో. పేరు పెట్టడం బారసాల రోజుతో అయిపోతుంది. పెంపకం మాత్రం ఏళ్ళ తరబడి చెయ్యాలి.

అయితే ప్రేమ ఉంటే చాలా? చాలదు. పక్కింటావిడ కన్నీళ్ళతో ఒక్క ఆటగాడి జీతమూ తీరదు. అసలు జీతాలు పూర్తిగా అందకపోయినా ఆ ఆఖరి ఆట నడిపించినవాళ్ళు అక్కడి ఉద్యోగులే, అభిమానులే. అంత చేసినా క్లబ్బు మిగల్లేదు. ఆదాయానికి తగ్గ జీతాలు, ఒక్క మనిషి జేబు మీద ఆధారపడని ఖర్చు, ఏడాది పొడుగునా మైదానానికి ఏదో ఒక పని, ఇవి కావాలి. ఇల్లాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేని సంగతులే.

కొత్త యజమానులొచ్చాక ఆ జట్టు 2025లో మళ్ళీ ఆట మొదలుపెట్టింది. పై లీగ్‌లో కాదు, రెండో మెట్టు మీద. మూడేళ్ళు గోడకున్న మఫ్లరు దిగింది. చలి మొదలయ్యాక ఒకనాడు నన్నూ రమ్మంది. అల్లుడుగారు టిక్కెట్టు కొంటానంటే వద్దన్నాను. నా డబ్బుతో నేనే కొన్నాను. ఎవరు ఎటు పరిగెత్తుతున్నారో నాకేమీ తెలియలేదు. ఆవిడ లేచినప్పుడు లేచాను, కూర్చున్నప్పుడు కూర్చున్నాను. ఆవిడ గొంతెత్తి అరుస్తుంటే మావారు గుర్తొచ్చారు. ఆ పది రూపాయలతో సమాజం నిలవదని ఆయనకి తెలియదా? కోశాధికారికి తెలియకుండా ఉంటుందా? తెలిసే కట్టేవారు. అది సమాజాన్ని బతికించడానికి కాదేమో, అది తనదని చెప్పుకోవడానికేమో. అదొక్కటీ నాకు అప్పుడు తట్టలేదు.

వచ్చేటప్పుడు నేనూ ఒక మఫ్లరు కొన్నాను. "హైదరాబాదు ఎండల్లో దాన్నేం చేసుకుంటావమ్మా?" అని అమ్మాయి నవ్వింది. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తీసి, రసీదు పుస్తకం దాంట్లో చుట్టి, మళ్ళీ లోపల పెట్టాను. ఈసారి తాళం వెయ్యలేదు.