వెడల్పు పట్టీ యంత్రము

సంఘ సంచికలయందు కవులను గూర్చియు, క్షేత్రములను గూర్చియు వ్రాయుట మన ఆచారము. అది మంచిదే. అయినను, కన్నడ నాట మన ఇండ్లలో తెలుగు నిలుచుటలో కవులకెంత పాలు కలదో, ఉలి పట్టినవారికిని అంత పాలు కలదని మా నమ్మకము. అందుచేత చింతామణిలో మా ఇంటి వెనుక కొట్టమునకు వచ్చి చేరిన ఒక పాత యంత్రమును గూర్చి వ్రాయుచున్నాము.

మా కొట్టమున ముప్పది యేండ్లుగా ప్రధానమైన చేయి బాగేపల్లి ఆచారిగారిది. తలుపులు, మంచములు, పూజామందిరములు వారు చేయగా, పేరు మాకు వచ్చినది. సిల్వర్ ఓక్ పలకలను జతపరచి వెడల్పుగా అతికినపుడు ఒకదాని నార ఇటు, ప్రక్కదాని నార అటు తిరిగియుండును. చిత్రిక ఎదురు నారకు తగిలినచోట పొర పెళ్ళగిలిపోవును. ఆచారిగారు ఆ చోటికి రాగానే చిత్రికను ఏటవాలుగా త్రిప్పి, ఊపిరి బిగబట్టి పట్టెడివారు. పిమ్మట ఉప్పు కాగితముతో రుద్దుట. ఒక తలుపు రెండు ముఖములు నునుపు దేరుటకు దినమంతయు పట్టెడిది. 2021 నాటికి వారి కుడి భుజము పైకి లేవకుండ పోయినది. మనుమడు పని నేర్చినవాడే గాని, బెంగళూరిలో యంత్రములున్న కార్ఖానాకు పోయెదనని పట్టుబట్టెను. తాత చేయి లేక, మనుమడును లేక, మేము ఆ కొట్టము తలుపు తెరచి ప్రయోజనము లేదు.

ఆ యంత్రమును ఆంగ్లమున వైడ్ బెల్ట్ శాండర్ అందురు. ఉప్పు కాగితము వంటి గరుకు గుడ్డను పలకకంటె వెడల్పయిన తుదిలేని పట్టీగా అతికి, క్రింద రబ్బరు తొడిగిన రోలరుమీదను, పైన మఱియొక రోలరుమీదను బిగించి, సెకనుకు సుమారు 18 మీటర్ల వేగమున త్రిప్పుదురు. దానిక్రింద నిదానముగా నడచు వేరొక పట్టీ పలకను మోసికొనిపోవును. ఒక్కమారు లేచిపోవునది రెండు మూడు వెంట్రుకల మందము మాత్రమే. గరుకు పట్టీ ఎప్పుడును ఒక ప్రక్కకు జారుచుండును. జారగానే గాలి ఒత్తిడిచే పై రోలరు కొంచెము వాలి దానిని వెనుకకు మరల్చును. ఈ ఊగులాటయే దాని ప్రాణము. ఊగుట మానినచో పట్టీ అంచు చట్రమునకు తగిలి క్షణములో చినిగిపోవును.

2022లో చిక్కబళ్ళాపురమున మూతపడిన ఒక తలుపుల కార్ఖానాలో ఇట్టిది ఒకటి యున్నదని తెలిసినది. పట్టీ వెడల్పు 37 అంగుళములు, మోటారు 20 గుర్రపు బలములు, బరువు 1,600 కిలోలు. అమ్మువాడు బాగుగా నడచుచున్నదని చెప్పెను. కరెంటు లేని కొట్టమున ఎట్లు నడచెనో అతనికే తెలియవలెను. అచ్చటికి దాపుననే ముద్దేనహళ్ళి, 1861లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన యూరు. గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము నుండి వచ్చిన ఇంటివారు గనుక, యంత్రము మాట వచ్చినప్పుడెల్ల మనవారు వారి పేరు తలచి ధైర్యము తెచ్చుకొందురు. మేమును తలచితిమి. ఆచారిగారు మాత్రము ఒక కొయ్యపుల్లను చెవికానించి, రెండవ కొనను బేరింగు కప్పుపై నుంచి, రోలరును చేతితో త్రిప్పించి, "ఈ పక్క గుండ్లు పోయుండాయప్పా, ఆ పక్క బాగుండాది" అనిరి. పిదప విప్పి చూడగా అట్లే యుండెను.

ఇట్టి యంత్రమునకు ఎత్తు ఎక్కువ, అడుగు తక్కువ. మా దానికి మోటారును పైననే. హైడ్రా క్రేను నడపువాడు గొలుసును పై రోలరునకు తగిలింపబోగా ఆచారిగారు కేకవేసి ఆపిరి. ఆ రోలరు వంగినచో మరల తిన్ననగుట కల్ల. అడుగు చట్రము క్రింద పట్టాలు దూర్చి, పైభాగము ఒరగకుండ మోకులు కట్టి లేపితిమి. శిడ్లఘట్టము మీదుగా చింతామణికి సుమారు 40 కిలోమీటర్లు. లారీ ఆ దూరమును మూడు గంటలు నడచెను. అందులో అరగంట శిడ్లఘట్టమున పట్టుగూళ్ళ బండ్ల నడుమ గడచినది.

ఇల్లు చేరిన దినము మంగళవారము. తలుపు ఎత్తుకంటె యంత్రము జానెడు మించెను. మంగళవారము గోడ పగులగొట్టరాదని మా అమ్మ పట్టుబట్టగా, అది ఆ రాత్రి గోనెపట్టలు కప్పుకొని వీధిలో నిలిచినది. మరునాడు నాలుగు వరుసల ఇటుకలు తీసి, నేలపై ఇనుప గొట్టములు పరచి, గడ్డపారలతో జరుపుచు, వెనుక విడివడిన గొట్టమును తెచ్చి ముందు పెట్టుచు లోనికి నడిపించితిమి. పదునెనిమిది అడుగులకు రెండు గంటలు. గడిదం తేరు చక్రములకు కొయ్య దిమ్మెలు వేసిన అనుభవము ఆచారిగారిది. ఎచ్చట అడ్డు వేయవలెనో కనుసైగతోనే చెప్పుచుండిరి.

బాగుచేయుటకు ఎనిమిది నెలలు పట్టినది. నాలుగు నెలలు మూడు ఫేజుల కరెంటు అనుమతి కాగితమునకే పోయినవి. ఆ కథ వలదు. రోలరు రబ్బరు ఏండ్ల తరబడి ఒకేచోట ఒత్తుకొని చదునుబారి యుండెను. అట్లే వాడినచో ప్రతి చుట్టునకు పలకపై ఒక అల లేచును. బెంగళూరున క్రొత్త రబ్బరు తొడిగించి, సాన పట్టించి తెచ్చితిమి. బేరింగులు మార్చితిమి. మోటారు ఏ వైపు తిరుగునో పట్టీ తొడుగక మునుపే చూడవలెను. గరుకు పట్టీ పలక నడకకు ఎదురుగా పోవలెను గాని, దానితోపాటు పోయినచో పలకను బాణమువలె విసరును. మాది తప్పు వైపునకే తిరిగినది. రెండు తీగెలు తారుమారు చేయగా సరిపడినది. ఒకే మందము గల రెండు బద్దలను ఎడమ కొనను ఒకటి, కుడి కొనను ఒకటి పంపి కొలువగా 0.6 మిల్లీమీటరు తేడా. మర త్రిప్పుచు, మరల కొలుచుచు, దానిని 0.1కు దించుటకు రెండు దినములు.

ప్రక్క ఇల్లు పట్టుపురుగులు పెంచువారిది. ఆ ఇంటి పెద్దమ్మ వచ్చి, "మీ మిసను దుమ్ము మా ఆకు మీద పడితే నేనూరుకోను నాయనా" అనెను. న్యాయమైన మాట. గాలి పంకాతో దుమ్మును లాగి, పెద్ద పీపాలో దింపి, మిగిలినదానిని గుడ్డ సంచులలో పట్టు ఏర్పాటు చేసిన తరువాతనే యంత్రమును నడపితిమి.

మొదటి తలుపు బాగేపల్లిలో ఒక క్రొత్త ఇంటిది. పావుగంటలో రెండు ముఖములును తేరినవి. ఆచారిగారు వ్రేళ్ళ వెనుక భాగముతో నిమిరి చూచి, "నున్నగుండాది, కానీ చిత్రిక మెరుపు లేదు" అనిరి. నిజమే. చిత్రిక నారను కోయును. గరుకు పట్టీ గీరును. కోసిన ముఖముపై వెలుగు వేరు. అందుచే పూజామందిరపు తలుపులకు ఇప్పటికిని చివరి పట్టు చిత్రికదే. పట్టునది మనుమడు, ఎదుట బల్లపై కూర్చుండి నార చూచి చెప్పువారు తాత. కుర్రవాడు ఇంతవరకు మరల బెంగళూరు మాట ఎత్తలేదు. రేపు ఎత్తడని మేము చెప్పలేము.

యంత్రము ప్రక్క గోడపై అతడు ఎఱ్ఱ రంగుతో ఒక పలక వ్రాసి తగిలించెను. మూర కంటె పొట్టి చెక్కను తోయవద్దు. అయస్కాంతముతో మేకులు వెదుకక పాత కొయ్య పెట్టవద్దు. నడుచునపుడు ఎదురుగా నిలువవద్దు. మాటలు తెలుగు, అక్షరములు కన్నడము. బడిలో అతనికి నేర్పినవి అవియే. మా బంధువులలో ఒక పెద్ద అది చూచి నొచ్చుకొనిరి. మాకు మాత్రము కైవారము తాతయ్యగారి తెలుగు పదములను కన్నడ లిపి పుస్తకము చూచి పాడు మన భజన బృందములు జ్ఞప్తికి వచ్చినవి. ఆచారిగారు దానిని మనుమనిచే చదివించుకొని, "పొట్టిది తొయ్యొద్దంటే పొడుగుది తొయ్యొచ్చుననుకుంటారు రా. ఏదీ చేత్తో తొయ్యొద్దని ఇంకో వరస రాయి" అనిరి. ఆ నాలుగవ వరుస, పలకపై చోటు చాలక, అంచున చిన్న అక్షరములతో నున్నది.