కణములోని వ్రాయసకాడు

మొన్న వైరాలో మా యింటి వసారాలో కూర్చుండి మా మఱదలు మాత్రలపొట్లము నొకదానిని నా ముందు పెట్టి, "వదినా, కడుపు పండకమున్నే యీ మందేల?" అని యడిగినది. క్రిందటి యేడు అయిదవ మాసమున, గర్భస్థశిశువునకు వెన్ను మూసికొనలేదని పరీక్షలో తేలినది. బిడ్డ దక్కలేదు. గ్రహణమునాడు కత్తిపీట పట్టినందువలన నని మా యమ్మ యనగా, నేను ప్రక్కనుండియు మిన్నకుంటిని. ఇప్పుడు వైద్యులు ఫోలిక్ ఆమ్లపు మాత్రలను ముందుగనే మ్రింగుమనిరి. ఎందులకో చెప్పినవారు లేరు. సోదరీమణులలో నిట్టి సందేహము గలవా రుందురని వ్రాయుచున్నాను.

నాకు మా నాయనగారు నేర్పినవి భారతమును వసుచరిత్రమును. తక్కినది మా వారి బడిపుస్తకములు చూచి తెలిసికొన్నది. నాయనగారు పాత తాళపత్రములకు ప్రతి వ్రాయుచు, చెద తినిన చోట ప్రాసనుబట్టి పోయిన యక్షరమును పట్టెడివారు. ఆ త్రోవనే మఱదలికి చెప్పితిని.

మన కణములలో డీఎన్ఏ అను రెండుపేటల గొలుసు కలదు. అందలి యక్షరములు నాలుగే. అడినీను కెదుట థైమిను, గ్వానిను కెదుట సైటోసిను నిలువవలెను. ఈ పొందికను 1953లో వాట్సను, క్రిక్కులు ప్రకటించిరి. కణము రెండగునపుడు పేటలు విడిపోవును. ఒక్కొక్క పేటను జూచి దాని జోడు మరల వ్రాయబడును. కావున ప్రతి క్రొత్త గొలుసులోను పాతపేట యొకటి, క్రొత్తపేట యొకటి యుండును. ఇంచుమించు 600 కోట్ల జంటలను సుమారు 8 గంటలలో వ్రాయు పాలిమరేసు, తప్పు పడినచో వెనుకకు పోయి దిద్దుకొనును. మా వారు నలువది నోటుపుస్తకములు దిద్దుసరికే విసుగుకొందురు!

ఎంత నేర్పరియైనను సిరా లేక వ్రాయలేడు. థైమిను తయారగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అది కొఱవడినచో ప్రతి వ్రాత కుంటుపడును. పిండమున కణములు వేగముగ పెరుగు నాలుగవ వారమునందే వెన్ను మూసికొనును. అప్పటికి తల్లికి గర్భము నిలిచినదని తెలియకపోవచ్చును. మందు ముందుగా నిచ్చుట యిందుకే. ఒకసారి యిట్లు నష్టపోయిన తల్లులలో, ఈ మందువలన మరల నట్లు జరుగుట నూటికి 72 వంతులు తగ్గినదని 1991లో బ్రిటిషు పరిశోధకులు తేల్చిరి.

అమెరికాలో లెడర్లే సంస్థయందు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ చేయించినవారు 1895లో భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. వారి బృందము దానిని పోలిన అమినాప్టెరినును గూడ చేసినది. కణమును మోసపుచ్చి ప్రతి వ్రాతను ఆపు నా మందుతో సిడ్నీ ఫార్బరుగారు రక్తపు కేన్సరు గల పిల్లల కొన్నినాళ్ల యుపశమనము కలిగించి, ఆ సంగతిని 1948లో ప్రకటించిరి.

"తోటకూర తినిన చాలదా?" అని మఱదలు మరల నడిగినది. తోటకూర మంచిదే కాని, ఆమెకు వ్రాసిన మోతాదు కూరతో తీరునది కాదు. ఆమె మాత్ర వేసికొని, కొంత తడవునకు మెల్లగా, "మఱి గ్రహణము?" అన్నది.

గ్రహణము వచ్చినది నాలుగవ నెలలో. వెన్ను మూసికొనవలసినది మొదటి నెలలోనే. ఈ లెక్క మా యమ్మకు చెప్పవలసినదానను నేనే. ఆదివారము పుట్టింటికి పోవుచున్నాను.