ఇద్దరు సాక్షులు, ఒక్క ఛాయ

కంప్యూటరునకును స్మృతి కలదు. మన్వాదులు చెప్పిన స్మృతి కాదది. సంఖ్యలు నిలుచు గదుల వరుస. సీ భాషలో వ్రాసిన ప్రోగ్రాం తనది కాని గదిలో చేయి పెట్టినను, విడిచిపెట్టిన గదిని మరల చదివినను, ఆ దోషము వెంటనే బయటపడకపోవచ్చును. అందుచేత పరీక్షాసమయమున సాక్షులను నియమింతురు.

వారిలో ప్రసిద్ధులు ఇద్దరు. 2002లో వెలువడిన వాల్‌గ్రిండ్, ప్రోగ్రాంను ఉన్నదున్నట్లు గ్రహించి, తాను కల్పించిన ప్రాసెసరుపై నడిపించుచు అడుగడుగును గమనించును. నడక ఇరువది ముప్పది రెట్లు మందగించును. అడ్రస్ శానిటైజర్ మార్గము వేరు. అది కంపైల్ అగు వేళనే తన తనిఖీలను ప్రోగ్రాంలో చొప్పించును. సుమారు రెండింతల కాలముతో పని ముగియును. విలువ నింపని గదిని నమ్మి నిర్ణయము చేయుటను మొదటిది పట్టును, రెండవది పట్టదు. స్టాకుపై పట్టికల హద్దు మీరుటను రెండవది పట్టును, మొదటిది సాధారణముగా చూడదు. కావున ఇద్దరును కావలెను.

అయితే ఇద్దరినీ ఒకేసారి కూర్చుండబెట్టినచో? ప్రోగ్రాం తన మొదటి వాక్యమును చేరకముందే ఆగిపోవును. అడ్రస్ శానిటైజర్ ప్రతి ఎనిమిది బైట్లకు ఒక బైటు చొప్పున ఛాయాస్మృతిని వ్రాసికొనును. అందులకై చిరునామాల విస్తీర్ణమున నియతమైన మహాభాగమును కోరును. అచట వాల్‌గ్రిండ్ అప్పటికే ఆసీనమై యుండును. గదులను పంచు అధికారమైన మాలక్ కూడ తన చేతిలోనే ఉండవలెనని ఇద్దరి పట్టు. పరీక్షలన్నియు విఫలమైనట్లు కనబడును. పరీక్ష్యమైన ప్రోగ్రాంలో మాత్రము దోషము లేకపోవచ్చును. సాక్షుల తగవును ముద్దాయి నేరముగా వ్రాసికొనుట ఎంత సులభము!

ఉపాయము సామాన్యమే. ప్రోగ్రాంను రెండు మారులు వేర్వేరుగా నిర్మించి, అవే పరీక్షలను ఒక్కొక్క సాక్షి ఎదుట విడివిడిగా నడుపవలెను. కాలవ్యయమునకు విసిగి ఒకరి నోరు మూయించు బుద్ధి ఇక్కడనే పుట్టును.

ఇద్దరి తగవు కాకున్నను, అట్టి మౌనము ఎంతకు వచ్చునో డెబియన్‌లో జరిగినది. 2006లో, నింపని స్మృతిని ఓపెన్ఎస్ఎస్ఎల్ వాడుచున్నదని వాల్‌గ్రిండ్ హెచ్చరించెను. సాక్షి పలికినది అసత్యము కాదు. కాని హెచ్చరికను మాన్పుటకై తొలగించిన పంక్తులలో ఒకటి, యాదృచ్ఛికత సమస్తము లోనికి ప్రవేశించు ద్వారము. మిగిలినది ప్రాసెస్ సంఖ్య ఒక్కటే. దానికి 32,768 విలువలకు మించి లేవు. 2008 మే నెలలో ఇది బయటపడునప్పటికి, ఆ లోపమున్న వ్యవస్థలపై పుట్టిన రహస్యపు తాళపుచెవులన్నిటిని పారవేసి క్రొత్తవి చేసికొనవలసివచ్చెను.